ఆరు కుళాయిలు

“ఎవరైనా వెళ్లొచ్చాక కడుక్కుంటారు చేతులు. వెళ్లకముందు కడుక్కోవడమేమిటి?” అంటూ రామకాంత్ కుళాయి కట్టేశాడు. పిచ్చమ్మ మోచేతుల దాకా సబ్బు నురగతో అలాగే నిలబడిపోయింది.

ప్రత్తిపాడు దగ్గరి ఆ మిర్చి ఫ్యాక్టరీకి రామకాంత్ మేనేజరుగా వచ్చి మూడు వారాలైంది. అంతకుముందు పదేళ్లూ గోదావరి అవతల ఓ కాగితం మిల్లులో చేశాడు. చేరిన రోజే యజమాని నాగేంద్రబాబు నీళ్ల బిల్లు తెచ్చి ముందు పడేశాడు. లోపలికొచ్చే నీళ్లకో చార్జీ, అవే నీళ్లు మురుగు కాల్వలోకి పోతున్నందుకు ఇంకో చార్జీ. నెలాఖరుకల్లా ఇది సగానికి దిగకపోతే వేరే మేనేజర్ని చూసుకుంటానని మొహమాటం లేకుండా చెప్పేశాడు. అప్పటికే గుంటూరులో ఇల్లు అద్దెకు తీసుకుని, పిల్లలిద్దర్నీ బళ్లో చేర్చేసిన రామకాంత్‌కు వేరే దారి లేకపోయింది.

కారుతున్న పైపులన్నీ మార్పించాడు. నేల కడగడం మాన్పించి ఊడ్పించాడు. అయినా మీటరు గిర్రున తిరుగుతూనే ఉంది. రెండు రోజులు దాని వెంట పడితే చివరికి తేలింది. మరుగుదొడ్లకు వెళ్లే దారిలో గోడకున్న ఆరు కుళాయిలు! తొడిమలు తీసే తొంభై మంది ఆడవాళ్లూ లోపలికి వెళ్లేముందు అక్కడ ఆగి, సబ్బు పెట్టి అయిదేసి నిమిషాలు చేతులు రుద్దుతున్నారు. వచ్చాక మళ్లీ కడుగుతున్నారు. అంత శుభ్రం డాక్టర్లకు కూడా ఉండదు.

“పని ఎగ్గొట్టడానికి కాకపోతే ఎందుకు పిచ్చమ్మా? చెప్పు.”

పిచ్చమ్మ పక్కనున్న లక్ష్మీదుర్గ వైపు చూసింది. లక్ష్మీదుర్గ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అవసరం బాబూ,” అంది పిచ్చమ్మ నేల చూపులు చూస్తూ.

“ఏం అవసరమని అడుగుతున్నా.”

“అవసరమంటే అవసరమేనండి.”

నాలుగు రోజుల నుంచీ ఇదే వరస. మూటలు మోసే హమాలీలను అడిగితే వాళ్లూ నవ్వి తలకాయ తిప్పుకున్నారు. ఇటు చూస్తే నెలాఖరు ముంచుకొస్తోంది. రామకాంత్‌కు విసుగు నెత్తికెక్కింది. సాయంత్రానికల్లా అయిదు కుళాయిలు పీకించేశాడు. ఆరోదాన్ని బయటికొచ్చే చోట పెట్టించి, పైన పెద్దక్షరాలతో బోర్డు రాయించాడు. ‘వెళ్లొచ్చాకే చేతులు కడుక్కోవాలి.’ మరుగుదొడ్ల లోపలి కుళాయిలకు కూడా చెంబు నిండగానే ఆగిపోయే స్ప్రింగులు బిగించాడు. రోజూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, ఎవరైనా ముందే కుళాయి మీద చెయ్యి వేస్తే కసురుకున్నాడు.

వారం తిరగకుండా మీటరు దిగింది. దాంతోపాటు రోజూ తయారయ్యే సరుకూ దిగింది. ఆడవాళ్లు మంచినీళ్లు తాగడం మానేశారు. మధ్యాహ్నానికి కళ్లు తిరుగుతున్నాయని గోడకు చేరగిలబడేవాళ్లు కొందరు, చెప్పా పెట్టకుండా పక్క ఊళ్లోని ఫ్యాక్టరీకి పోయినవాళ్లు కొందరు. గురువారానికి తొంభై మంది కాస్తా అరవై అయ్యారు.

నాగేంద్రబాబు గుంటూరు మిర్చి యార్డు నుంచి ఫోను చేశాడు. “నీళ్లు తగ్గించమంటే మనుషుల్ని తగ్గించావేంటయ్యా? సోమవారం సరుకు కంటెయినరు కదలకపోతే నువ్వు కదలాల్సి ఉంటది.”

రామకాంత్ ఫోను జేబులో పడేసి నేరుగా షెడ్డులోకి వచ్చాడు. ఎర్రటి రాశుల మధ్య అరవై తలలూ పైకి లేచాయి. ఒక్క చేతులు కడుక్కోవడం తగ్గించమన్నందుకు ఇంత రాద్ధాంతమా అని మొదలుపెట్టి, గొంతు బొంగురుపోయే దాకా అరిచాడు. అరవై తలలూ మళ్లీ కాయల మీదికి వంగాయి. దాంతో అతనికి మరీ ఒళ్లు మండింది.

“ఇదిగో, నేనే కూర్చుంటున్నా. మీరు చేసే పని నేనూ చేస్తా. ముందో కడుగుడు, వెనకో కడుగుడు లేకుండా మనిషి బతకలేడా, చూస్తాను.”

చొక్కా చేతులు మడిచి, తేజా రకం మిరపకాయల రాశి ముందుకు పీట లాక్కున్నాడు. పిచ్చమ్మ కంగారుపడింది. “మీకెందుకు బాబూ, లెగండి,” అంది. మేనేజరు కింద కూర్చున్నాడని మొహమాటపడుతోంది కాబోలనుకున్నాడు రామకాంత్.

నిజం చెప్పాలంటే పని బాగానే పట్టుబడింది. వరసగా పది తుమ్ములు తుమ్మాడు గానీ లేవలేదు. ఒక్కో కాయనూ వేళ్లతో పట్టి గోటితో తొడిమ గిల్లుతూ రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. మధ్యలో రెండు గ్లాసుల టీ తాగాడు, రెండు సీసాల నీళ్లు తాగాడు. చూశారా అన్నట్టు అందరి వంకా ఓసారి చూసి, అప్పుడు లేచాడు.

మరుగుదొడ్డి వైపు నడుస్తున్నాడని గ్రహించి పిచ్చమ్మ గబగబా వెంటపడింది. “బాబూ, చేతులు...”

“బోర్డు నీకోసమే రాయించా. వచ్చాక.”

తలుపు వేసుకున్నాడు.

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. అరనిమిషం గడిచింది. తర్వాత లోపలి నుంచి కెవ్వుమని ఓ కేక. ఆ వెంటనే చెంబు దొర్లిన చప్పుడు, స్ప్రింగు కుళాయి మళ్లీ మళ్లీ నొక్కుతున్న చప్పుడు. “నీళ్లు... ఎవరైనా నీళ్లు...” అంటున్న గొంతు మేనేజరు గొంతులా లేదు.

పిచ్చమ్మ మంచినీళ్ల బిందె చంకనెత్తుకుని వెళ్లి తలుపు దగ్గర దించింది. పక్కనే సబ్బుబిళ్ల పెట్టి, మొహం అటు తిప్పుకుని మెల్లగా అంది.

“ముందెందుకని అడిగారు గదా బాబూ. ఆడోళ్లం, నోటితో ఎట్టా చెప్పేదండి?”