కుక్కల యజమాని

"మామయ్యా, చెవులు కప్పుకో. దార్లో పేచీలు పెట్టకు," అంది మియాలీ. మామగారి ముక్కు తుడిచి, తోలు కంబళి మెడదాకా లాగింది.

ఆమె మొగుడు సిమియోని కుక్కల్ని అదిలించాడు. బండి మంచుమీద కదిలింది.

ఈరోజుతో వీటి పీడ విరగడవ్వాలి, అనుకున్నాడు.

ధ్రువప్రాంతపు వన్యమృగాల పార్కు చూడ్డానికి వచ్చేవాళ్ళని ముప్పై ఏళ్ళుగా ఈ లోయలో తిప్పుతున్నాడు. ఎలుగుబంటి కనబడితే అది వాళ్ళ అదృష్టం. కనబడకపోతే ఇతని చేతగానితనం. ఫోటోలు తీసుకుని వాళ్ళు విమానమెక్కుతారు. కుక్కలు మాత్రం ఇతని నెత్తినే ఉంటాయి. వాటికి సీలు మాంసం కావాలి. దానికోసం సముద్రం మీది మంచులో, ఆ జంతువు ఊపిరికి తలెత్తే బొక్క దగ్గర, పొద్దస్తమానం వంగి నిలబడాలి. ఆ మంచు ఏటికేడు పలచబడుతోంది. ఇతని నడుమూ అంతే.

లోయ చివర పార్కు గుడిసెలో ఉండే లేవీ కుక్కల్ని తీసుకుంటానన్నాడు. పెదనాన్న కొడుకు. మంచివాడే. కానీ కుక్కలు తండ్రివి. ఆయన సొత్తు ఆయన నోటితో ఊఁ అంటేగానీ చెయ్యి మారకూడదు.

"ఏం నాన్నా, ఇచ్చేద్దామా?"

"అబ్బాయ్, ఆపు," అన్నాడు తండ్రి.

కొండవాలులో బొచ్చు ఎద్దుల మంద. బండిని చూసి వలయం కట్టాయి. కొమ్ములు బయటికి, దూడలు లోపలికి. వాటి ఊపిరి పొగలై లేస్తోంది. తండ్రి రెప్ప వేయలేదు. ఈ లోయలో ఆయన అడుగు పడని రాయి లేదు. ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు. అన్నిటినీ కొత్తగా చూస్తాడు.

కాస్త పోయాక తెల్లనక్క. మళ్ళీ ఆపమన్నాడు. ఆ తర్వాత ఎలుగుబంటి అడుగులు. దిగి, వాటిలో తన కాలు పెట్టి చూస్తే తప్ప కదలనన్నాడు. సిమియోని తుపాకీ పట్టుకుని నాలుగు దిక్కులూ చూస్తూ నిలబడ్డాడు.

ఇంకోసారి ఆగింది వేరే పనికి. తండ్రి ఆ సంగతి చెప్పేసరికే ఆలస్యమైపోయింది. కోసే గాలిలో ఆయనకి తోలు లాగు మార్చాడు. మాంసం సన్నగా కోసి నోటికందించాడు.

"నా బతుక్కి ఇదొకటి," అని గొణుక్కున్నాడు. కుక్కలు చెవులు రిక్కించాయి.

గుడిసె ముందు లేవీ తాళ్ళు సిద్ధంచేసుకుని నిలబడి ఉన్నాడు.

"ఏరా, ముక్కుతూ మూలుగుతూ వచ్చావా? నీకంటే నీ కుక్కలే నయంగా ఉన్నాయి."

"రేపట్నుంచి నువ్వు మూలుగుదువుగానిలే. నేను కూర్చుని వింటా."

లేవీ పగలబడి నవ్వాడు. బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తండ్రి చేతిలో చక్కెర బిళ్ళ పెట్టాడు.

"బాబాయ్, మీ అబ్బాయి అలిసిపోయాడు. కుక్కల్ని నాకిచ్చెయ్. కడుపునిండా పెడతా, సరేనా?"

తండ్రి బిళ్ళ చప్పరించాడు. ముందు కుక్క మెడ చుట్టూ చేతులు వేశాడు.

"ఇవ్వను."

"బిళ్ళ తిని మరీ కాదంటావా బాబాయ్? ఇదేం న్యాయం?"

సిమియోని వచ్చి మంచులో కూలబడ్డాడు.

"నాన్నా, నావల్ల కావడంలేదు. చలికి వేళ్ళు వంగడంలేదు. ఒక్కసారి సరే అను. నీకు దణ్ణం పెడతా."

తండ్రి అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. పెదవి వణికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చేతులు వదల్లేదు.

"అవి నావి. నువ్వే తోలాలి, అబ్బాయ్. పద."

లేవీ తాళ్ళు చుట్టి భుజాన వేసుకున్నాడు. "అమారుక్ అంటే అమారుకే. అప్పుడూ ఇదే మొండితనం, ఇప్పుడూ ఇదే. నేనింక అడగను," అన్నాడు.

సిమియోని మోకాళ్ళు పట్టుకుని లేచాడు. బండిని వెనక్కి తిప్పాడు.

తాత అమారుక్ చనిపోయిన వారానికి పుట్టి, ఆచారం ప్రకారం ఆయన పేరుతోపాటే 'నాన్నా' అన్న పిలుపునీ, ఆయన పెద్దరికాన్నీ పుచ్చుకున్న నాలుగేళ్ళ కొడుకు వద్దన్నాక, కన్నవాడు మాత్రం ఏం చేయగలడు!