దవడ కింద కండ

మందకు ముందు నడిచే పొట్టేలుకి దవడ కింద సంచిలా వాచింది. కండ పట్టిందని మురిసిపోయి, రోజూ మంచు ఆరకముందే పిల్లలన్నిటినీ కుంట గట్టు గడ్డికి తీసుకుపోయేది. "ఇది మేస్తే నాలా బలుస్తారు!" అనేది.

ముసలి మేక దాని కళ్లలోకి తేరిపార చూసింది. "అల్లుడూ, పశువుల డాక్టరు కాపరులకు నేర్పుతుంటే విన్నాను. కింది రెప్ప లోపల ఎర్రగా ఉండాలట. నీది సున్నంలా ఉంది. అది కండ కాదు, నీరు. తడి గడ్డి మీది పురుగు కడుపులో చేరి నీ నెత్తురు తాగుతోంది. ఆ పురుగు చావడానికి కాపరి పోసే నట్టల మందు ఉమ్మేయకు."

"నన్ను చూసి నీకు కుళ్లు!" అని పొట్టేలు నోరు పారేసుకుంది.

మర్నాడు ఓ బక్క గొర్రెపిల్ల తూలుతూ వచ్చి మెడ ఎత్తింది. "చూడు మావయ్యా, నాకూ నీలాగే వచ్చింది!"

పొట్టేలు సిగ్గుతో తల దించుకుంది. ముందుగా నేలకు తగిలింది ఆ సంచే.