డిలుక్షి పక్షం

డిలుక్షి ఎడమ మేజోడు ఎప్పుడూ కుడిదానికంటే లావుగా ఉంటుంది.

అందులో ఏముందో తొమ్మిదో తరగతి అంతటికీ తెలుసు. నాకూ తెలుసు. చిన్న బటన్ ఫోను.

వాళ్లమ్మ కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తుంది. ఆ ఇంటి మేడమ్ బజారుకు వెళ్లినప్పుడే ఆమెకు ఫోను చేసే వీలు. అది మాకు చివరి పీరియడు వేళ. ఆ పీరియడు నాదే, లెక్కలు.

ఆ రోజు పట్టిమన్రం పెట్టాం. మా తేయాకు తోటల బళ్లలో ఏ సంగతి తేలకపోయినా ఇదే దారి. రెండు పక్షాలు, మధ్యలో తీర్పు చెప్పే మనిషి. ఈసారి ఆ మనిషిని నేనే.

"బడికి ఫోను తేవచ్చా, తేకూడదా? ఏ పక్షం గెలిస్తే రేపట్నుంచి అదే రూలు," అన్నారు పెద్ద సారు. "మీ ఇళ్లవాళ్లతో తగువులు పడే ఓపిక నాకు లేదు."

చీటీలు తీశారు. డిలుక్షికి 'తేకూడదు' వచ్చింది.

క్లాసంతా గొల్లున నవ్వింది.

ఆమెను పక్కకు పిలిచాను. "చీటీ మార్చుకుంటావా?"

డిలుక్షి చీటీని కాసేపు చూసింది. "వద్దు టీచర్. ఇదే ఉంచుకుంటాను."

కావాలని తప్పులు మాట్లాడి, ఓడి, ఫోను నిలుపుకుంటుందా? నాకు అంతుపట్టలేదు. అలా చేసినా తప్పు పట్టేదాన్ని కాదు.

'తేవచ్చు' పక్షానికి నిరోజన్ లేచాడు. మైకు లేకపోయినా ఉన్నట్టే మాట్లాడతాడు.

"సభకు నమస్కారం! మంచు కమ్మితే ఫోనే టార్చి. దారిలో మట్టి విరిగిపడితే ఫోనే కబురు. డౌటొస్తే ఫోనే టీచరు. టీచర్, ఏమనుకోకండి!"

"అనుకోనులే. కానీ."

"ఇంకో మాట. అవతలి పక్షం అక్కగారు మేజోట్లో ఫోను పెట్టుకుని ఫోను వద్దంటారట. మాకు ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

బల్లలు దద్దరిల్లాయి.

డిలుక్షి లేచింది. వంగి, మేజోట్లోంచి ఫోను తీసి, బల్ల మీద అందరికీ కనిపించేలా పెట్టింది.

"అవును, రోజూ తెస్తాను. వాడు చెప్పినవన్నీ నిజమే."

"అయితే ఓడిపోయావ్, కూర్చో!" వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు.

"ఉండరా, పూర్తి కానివ్వు." నా వైపు తిరిగింది. "చివరి పీరియడ్లో మీరేం చెప్తారో నాకు ఒక్కరోజూ తెలీదు టీచర్. నేను కాలితో వింటూ కూర్చుంటాను."

కొందరు నవ్వారు.

"ఫోను దగ్గరుంటే అన్నీ తెలుస్తాయంటున్నారు. నాకు ఒక్కటే తెలుస్తుంది. ఇవాళ కూడా మోగలేదని."



జవాబు చెప్పే వంతు నిరోజన్‌ది. లేచాడు. బల్ల మీది ఫోను వైపు చూశాడు.

"మా పక్షం చెప్పేదేం లేదు టీచర్," అని కూర్చున్నాడు.

'తేకూడదు' అని తీర్పు చెప్పాను.

వారం గడిచింది. బడి వదిలాక, తోట దారిలో డిలుక్షి నాకు జతపడింది. ఆకు తూచే షెడ్డు దాటాం. ఈ మధ్య లెక్కల్లో చెయ్యెత్తుతోంది.

"ఫోను ఎక్కడ పెట్టావే?"

"ఆఫ్ చేసి బియ్యం డబ్బాలో పెట్టి వస్తున్నా. ఇంటికెళ్లాకే తీస్తా."

అడగకూడదనుకుంటూనే అడిగాను. "అమ్మ చేసిందా?"

"నిన్న చేసే ఉంటుంది టీచర్." నాకంటే రెండడుగులు ముందు నడుస్తోంది. "మనం లెక్కల్లో ఉన్నాం కదా."