రెండు గంటల పర్యవేక్షణ

“‘అభ్యర్థితో నాకు వ్యక్తిగత పరిచయం లేదు.’ దీని కింద నేనెలా సంతకం పెట్టను?” పరీక్ష పర్యవేక్షకుడి ఫారం చదివి నవ్వాడు మాజీ భర్త. “పదకొండేళ్లు కాపురం చేశాం!”

“ఆసుపత్రిలో అందరూ నాకు స్నేహితులో, పైవాళ్లో. వాళ్లెవరూ పనికిరారు,” అంది నర్సు. “ఈ పరీక్ష రాయకపోతే నెలాఖరుకి నా లైసెన్సు పోతుంది.”

“సరే, అబద్ధమైనా పెట్టేస్తాలే. నువ్వు ఇంటికెళ్లి రాసుకో. ఎవరు చూడొచ్చారు?”

“కుదరదు. ఎదురుగా కూర్చుని రెండు గంటలూ నన్నే చూడాలి. ఫోన్ ఆపెయ్యాలి.”

గొణుక్కుంటూ ఆపాడు. లైబ్రరీ గదిలో వాళ్లిద్దరే. ఆమె తల వంచుకుని రాస్తోంది. కాసేపు గడియారం వంక చూశాడు, కాసేపు కిటికీ వంక. ఆ తర్వాత చూడ్డానికి ఆమె తప్ప ఏమీ మిగల్లేదు.

గంటలు రెండూ గడిచాక ఆమె జవాబులు కవర్లో పెట్టి అంటించింది. ఫారం, పెన్ను అతని ముందుకు తోసింది.

అతను పెన్ను ముట్టుకోలేదు.

“నువ్వు... ఎడమచేత్తో రాస్తావా?”

“ఊఁ.”

“ఎప్పట్నుంచి?”

“పలక పట్టినప్పట్నుంచి.”

“మరి నాకెప్పుడూ...”

“విడాకుల కాగితాల మీద సంతకం కూడా ఈ చేత్తోనే పెట్టాను. మీరు పక్కనే ఉన్నారు. ఫోన్లో.”

అతను ఫారంలోని ఆ వాక్యం వైపే చూస్తుండిపోయాడు. ఆమె లేచి సంచి భుజాన వేసుకుంది.

“పెట్టండి,” అంది. “అబద్ధమేం కాదు.”