ఉప్పు తగ్గిందన్న మాట

మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు కౌశిక్ కొర్రల జావ తినలేదు. ఆటిజం ఉన్న ఆ ఐదేళ్ల పిల్లాడికి గోధుమ, పాలు పడవు. మిగిలినవాటిలో నోట పెట్టేది ఈ జావ ఒక్కటే. అలాంటి పిల్లలున్న ఇళ్లన్నిటిలోలాగే, కాకినాడలోని ఈ ఇంట్లోనూ, మనుషుల మాటలు విని తనంతట తానే వండే పథ్యపు పొయ్యే జావ కాస్తుంది. వేరే పొయ్యి లేదు.

"ఇవాళ జావ మార్చావా?" అని తల్లి భార్గవి పొయ్యిని అడిగింది.

"ఉప్పు తగ్గిందని నిన్న ఇంట్లో ఎవరో అన్నారు. సరిచేశాను."

భార్గవి అత్తగారి వైపు చూసింది.

"గిన్నెలో మిగిలింది నోట్లో వేసుకుని ఊరికే అన్నానమ్మాయ్," అంది రాఘవమ్మ. "ఆ మాట అనని వంటిల్లుంటుందా? నా నోరు పడిపోను!"

"పాత జావే కాచు," అంది భార్గవి.

"బాబు కొత్తది మూడు చెంచాలు తిన్నాక కూడా నచ్చకపోతే మారుస్తాను. పెద్దల మాట మీద వెనక్కి మార్చను."

"ఉప్పెయ్యడానికి మాత్రం నా మాట సరిపోయిందేం?" అంది రాఘవమ్మ.



ఉప్పదనం తగ్గేందుకు భార్గవి జావలో వేడినీళ్లు కలిపింది. పలచబడిన జావను చూసి కౌశిక్ చెవులు మూసుకున్నాడు.

బుధవారం ఉదయం పొయ్యి ఉప్పు పెంచిన ఆ జావే కాచింది. కౌశిక్ ఒక్క చెంచాకూ నోరు తెరవలేదు.