బల్లకట్టెక్కిన కారు

“నేను రాను. బండిని బల్లకట్టు మీదికి ఎక్కిచ్చి పెడతా. దాంతో నా పని అయిపోయింది” అన్నాడు ఖలందర్.

పొందుగుల రేవులో కృష్ణ పలచబడి నిదానంగా పారుతోంది. రెండు పడవల్ని జోడించి మీద పలకలు పరిచిన బల్లకట్టు ఒడ్డుకు ఆనుకుని ఉంది. ఒడ్డున నల్ల కారు. యుద్ధం వచ్చి పెట్రోలు కూపన్లకు కరువు రావడంతో, నరసరావుపేట పత్తి మిల్లు యజమాని ఆ కారును ఆవలి ఒడ్డున నైజాం ఇలాకా దొరకు అమ్మేశాడు. దాన్ని తీసుకుపోవడానికి వచ్చిన దొరగారి గుమాస్తా ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

“మా దొర ఒక్కటే చెప్పిండు, బండితోటి డ్రైవర్‌ను గూడ తోల్కరమ్మని. ఉండనీకి ఇల్లు ఇస్తడు. నువ్వు రాకుంటే అవతల ఎడ్లను కట్టి గుంజుకపోవుడే” అన్నాడు గుమాస్తా.

ఎడ్ల మాట వినగానే ఖలందర్ మొహం మాడిపోయింది.

“గుంజుకపోండి. కొనుక్కున్నోళ్లు మీరు” అన్నాడు.

వెనక సీట్లో కూర్చున్న అతని భార్య హజ్రా బీ అంతా వింటోంది. డ్రైవర్ పెళ్లామై ఇన్నేళ్లయినా ఆమె ఆ కారెక్కింది ఇవాళే. ‘ఆఖరిసారి గదా, మీ ఇంటిదాన్ని గూడా రేవుదాకా తిప్పుకురా’ అని యజమానే అన్నాడు. పిడుగురాళ్ల దాటేదాకా ఆమె సీటు అంచునే కూర్చుంది. ఆ తర్వాత నెమ్మదిగా వెనక్కి ఆనుకుంది.

“ఎందుకు రావంట?” అని అడిగింది ఆమె.

“పుట్టిన ఊరొదిలి నైజాంలో నౌకరీ ఏంది? మిల్లులో పత్తి బేళ్లు ఎత్తించే పని ఇస్తానన్నాడు గదా అయ్యగారు.”

“స్టీరింగు పట్టినోడివి బేళ్ల కాడ కూర్చుంటావా?”

“కూర్చుంటా.”

“పుట్టిన ఊరు నేనొదిలి రాలా, కారంపూడి నుంచి?”

ఖలందర్ ఇంజను తిప్పే హ్యాండిల్ తీసుకుని కారు ముందుకు వెళ్లాడు.

మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. అతను డ్రైవింగు నేర్చుకున్నది ఈ కారులోనే. పాత డ్రైవర్ అబ్దుల్ జబ్బార్ మామ కోసేసిన జొన్నచేలోకి తీసుకెళ్లి, నడపడం చెప్పాడు గాని ఆపడం చెప్పలేదు. చెప్పకుండానే దిగిపోయి, గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. ఖలందర్ చేను చుట్టూ తిరుగుతూ, ‘మామా, ఆపేదెట్టా?’ అని కేకలు పెట్టాడు. ‘భయం పోయినాక చెప్తాలే’ అన్నాడు జబ్బార్ మామ. భయం పోయేసరికి పొద్దు వాలింది. ఏ ఎత్తు కాడ ఇంజను దగ్గుతుందో, ఎక్కడ గేరు మార్చమంటుందో ఆ నాటి నుంచీ అతని అరికాలికి తెలుసు. ఈ కథ అతను చెప్పీ చెప్పీ హజ్రా బీకి కంఠతా వచ్చేసింది.

“కాసేపు దిగవే. పలకలు తడిగా ఉండాయి” అన్నాడు ఆమెతో.

“తోలేది నువ్వే గదా. నాకేం భయం?” అంది ఆమె, కదలకుండా.

బల్లకట్టు నడిపే సరంగు శౌరి పలకల పక్కన నిలబడి చెయ్యి ఊపాడు. ముందు చక్రాలు ఎక్కాయి. వెనక చక్రం పలక అంచున జారి, బల్లకట్టు ఆ పక్కకు ఒరిగింది. గుమాస్తా కళ్లు మూసుకున్నాడు. ఖలందర్ బ్రేకు జోలికి పోలేదు. కాలు ఒక్కపిసరు అదిమి, స్టీరింగు మెత్తగా తిప్పాడు. కారు మూలిగి, పైకి వచ్చి, నడిమధ్యలో నిలబడింది.

“చేతిలో మంచి పనితనం ఉంది భాయ్ నీకు” అన్నాడు శౌరి.

ఖలందర్ దిగి చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. ఈలోగా గుమాస్తా బల్లకట్టెక్కి, కారు తలుపు దగ్గర వంగి హజ్రా బీతో ఏదో మాట్లాడుతున్నాడు. ఖలందర్ చెవికి అది ఎక్కలేదు. బానెట్టు మీద అరచెయ్యి ఆనించాడు. ఇంకా వేడిగా ఉంది. ఇంకాసేపు అక్కడే నిలబడితే దాన్ని వదిలి రాలేడని అతనికి తెలుసు. చప్పున చెయ్యి తీసేసి, “దిగిరాయే, దాచేపల్లిలో బొగ్గుతో నడిచే బస్సు వెళ్లిపోద్ది” అని, పలకల మీదుగా ఒడ్డుకు నడిచాడు.

వెనక్కి చూడదలచుకోలేదు. ఇసుక దాటి గట్టెక్కి, నదికి వీపు పెట్టి బీడీ తీశాడు. రెండు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. వెనక శౌరి కేక వినిపించింది. పలకలు లాగిన చప్పుడు, గెడలు నీళ్లలో దిగిన చప్పుడు. పోనీ, అనుకున్నాడు. బేళ్లు ఎత్తించడం మాత్రం పని కాదా. పొద్దుటే పోవచ్చు, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. రోడ్డు మీద దుమ్ము తినే బాధ లేదు.

“పదవే” అన్నాడు, పక్కకు చూడకుండా.

ఎవరూ పలకలేదు.

అప్పుడు కారు హారను మోగింది. ఒకసారి కాదు, ఆగకుండా. ఆ రబ్బరు బుడ్డిని అలా ఎడాపెడా నొక్కేవాళ్లను అతను ఇంతవరకు చూడలేదు. గిరుక్కున తిరిగాడు. బల్లకట్టు ఒడ్డును వదిలి బారెడు దూరం జరిగింది. డ్రైవర్ సీట్లో హజ్రా బీ కూర్చుని ఉంది. పక్కన గుమాస్తా చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. శౌరి గెడ వేయడం ఆపి చూస్తున్నాడు.

ఖలందర్ బీడీ పారేసి పరుగెత్తాడు. మోకాటి లోతు నీళ్లలో ఆగి, “ఏమే, ఏందే ఇది? దిగు” అన్నాడు.

“నౌకరీకి నేను ఒప్పుకున్నానయ్యా. డ్రైవరు ఒక్కడే తక్కువయ్యాడు, వస్తావా?” అంది హజ్రా బీ.