పలాస ప్రయాణికుడు

"ఎవరిదే ఆ పాస్‌పోర్టు?" తుడుపుకర్ర గోడకి ఆనించి అడిగింది పెద్దతల్లి.

గ్లోరీ పాస్‌పోర్టు మీంచి తల ఎత్తలేదు. కాఫీ కొట్టు పక్కన కుర్చీల కింద దొరికిందది. పేరు చూసి కౌంటర్లో ఇచ్చేద్దామని తెరిచింది. ఫొటో దగ్గర ఆగిపోయింది. జుట్టు తెల్లబడింది, బుగ్గలు జారాయి. ఆ కళ్లు మాత్రం మారలేదు. కింద, పుట్టిన ఊరు: పలాస.

"ఆడే అప్పా. నారాయణరావు."

పెద్దతల్లి దగ్గరికొచ్చి ఫొటోలోకి తొంగి చూసింది. శంషాబాద్ కొత్త విమానాశ్రయంలో ఇద్దరూ ఊడ్చి తుడిచే పనికి చేరి ఏడాది దాటింది. ఆమెది కంచిలి, గ్లోరీది సోంపేట. ఒకే గదిలో అద్దెకుంటారు. వయసులో పెద్దదని గ్లోరీ ఆమెని అప్పా, అంటే అక్కా, అని పిలుస్తుంది. గ్లోరీ తన సంగతులు ఎక్కువగా చెప్పదు. నిద్రలో ఉలిక్కిపడి లేచినప్పుడు మాత్రం రెండు పేర్లు వినబడతాయి. ఒకటి దీవెన, రెండోది నారాయణరావు.

పదేళ్ల కిందట గ్లోరీ, చెల్లెలు దీవెన పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేవారు. ఏజెంటు నారాయణరావు వాళ్లింటికే వచ్చాడు. గల్ఫ్‌లో ఆసుపత్రి పని, అక్కచెల్లెళ్లిద్దరూ ఒకేచోట ఉంటారు అన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో వాళ్లమ్మ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

అక్కడ దిగగానే అతని మనిషొకడు ఇద్దరి పాస్‌పోర్టులూ లాక్కున్నాడు. చెరొక కారు ఎక్కించాడు. ఆసుపత్రి లేదు. ఇద్దర్నీ రెండిళ్లకి అమ్మేశాడు. ముందు కారు అద్దానికి ఆనించిన దీవెన అరచెయ్యే గ్లోరీ చూసిన ఆఖరి గురుతు. ఎనిమిది నెలలకి ఆ పిల్ల పారిపోబోయి నాలుగో అంతస్తు కిటికీలోంచి పడి చచ్చిపోయింది. గ్లోరీ తప్పించుకుని ఎంబసీలో పడేసరికి చెల్లెల్ని పూడ్చిపెట్టి నెల దాటింది. ఇంకో ఆర్నెల్లు అక్కడి పోలీసుల చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగాక గానీ ఆమె ఇల్లు చేరలేదు.

"దేవుడు నీ సేతిలో ఎట్టీసినాడే ఆడిని," అంది పెద్దతల్లి గొంతు తగ్గించి. "సెత్తసంచిలో పడీ. మూతి కట్టీసి నాను కిందకి తోసీత్తాను. ఏడ్సుకుంటా తిరుగుతాడు."

గ్లోరీ పాస్‌పోర్టులో ఉన్న బోర్డింగ్ కార్డు బయటికి తీసింది. ఊరి పేరు ఒకటికి రెండుసార్లు చదివింది.

"అక్కడికే ఎల్తన్నాడు అప్పా. ఆ ఊరికే."

"ఓలమ్మా! మల్లీ ఎవులి పిల్లల్ని ముంచడానికో! సింపీ, ముక్కలు సేసీ!"

పైన మైకులో పిలుపు వచ్చింది. ప్రయాణికుడు నారాయణరావు వెంటనే గేటు దగ్గరికి రావాలి, ఇదే ఆఖరి పిలుపు.

గ్లోరీ పాస్‌పోర్టు గుండెలకి అదుముకుని పరిగెత్తింది.

కదిలే నడకదారి మీద మనుషుల్ని తప్పించుకుంటూ, ఖరీదైన సెంట్ల కొట్లు దాటుకుంటూ, ఒక చెప్పు జారిపోతే రెండోది కూడా విడిచేసి పరిగెత్తింది. సెక్యూరిటీ జవాను ఆపితే మెడలో కార్డు చూపించి ఆగకుండా వెళ్లింది.

గేటు దగ్గర నారాయణరావు చేతిసంచిలో సామానంతా నేలమీద కుమ్మరించి వెతుకుతున్నాడు.

"ఇంక రెండు నిమిషాలే సార్," అంటోంది కౌంటర్లో అమ్మాయి. "తర్వాత తలుపు మూసేస్తాం."

"బాబూ, ఇది మీదేనా?"

అతను పాస్‌పోర్టు అందుకుని కళ్లకద్దుకున్నాడు. "బతికించావు తల్లీ! ఏ ఊరమ్మా నీది?"

"సోంపేట."

"అరె, మన వైపే! మాది పలాస. నీ పేరేటి?"

"గ్లోరీ."

ఆ పేరు అతనికేమీ గుర్తు చెయ్యలేదు. గ్లోరీ కూర్చుని అతని బట్టలు మడిచి సంచిలో సర్దింది.

"ఇన్నాళ్లూ అక్కడి పనులు నా మనిషే చూసేవాడమ్మా," అన్నాడు అతను రొప్పుతూ. "వాడు పోయాడు. అందుకే మొట్టమొదటిసారి నేనే వెళ్తన్నాను. మీ ఇంట్లో చెల్లెళ్లెవరైనా ఉంటే చెప్పు. మంచి ఇళ్లల్లో పెట్టిస్తాను."

గ్లోరీ చెయ్యి జిప్పు మీద ఆగిపోయింది.

"ఒకర్తుండేది బాబూ. మీరే పెట్టించినారు."

"అలాగా! బాగుందా?"

"అక్కడే ఉంది."

"మంచిది, మంచిది," అంటూ జేబులోంచి నోటు తీశాడు. గ్లోరీ తీసుకోలేదు. సంచి అతని భుజానికి తగిలించింది.

"ఎల్లండి బాబూ. ఆలీసమైపోతంది."

అతను తలుపు దాటి లోపలికి వెళ్లాడు. అమ్మాయి తలుపు మూసింది. గ్లోరీ అక్కడే, అద్దాల గోడ దగ్గర వట్టి కాళ్లతో నిలబడిపోయింది.

ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పెద్దతల్లి ఆయాసపడుతూ వచ్చింది. "ఇచ్చీసినావా?"

"ఇచ్చీసినాను."

పెద్దతల్లి చెప్పులు నేలకేసి కొట్టింది. "నువ్వు మనిసివేనా? సొంత సెల్లిని సంపినోడికి సంచి సర్దుతావా? మీ పాస్టరుగారు క్షమించమన్నారా? క్షమించీసినావా?"

గ్లోరీ అద్దానికి మరింత దగ్గరగా జరిగింది. విమానం మెల్లగా వెనక్కి జరిగి, మలుపు తిరిగి రన్‌వే వైపు వెళ్లింది. ఆమె పెదవులు బిగించి దాన్నే చూస్తోంది. చక్రాలు నేల విడిచేదాకా రెప్ప వెయ్యలేదు.

"సెప్పవేటే!" పెద్దతల్లికి ఏడుపొచ్చేసింది. "ఎందుకెక్కించినావు ఆడిని?"

గ్లోరీ వంగి చెప్పులు తొడుక్కుంది.

"అక్కడ ఆడి మీద అరెస్టు వారంటు తీయించింది నానే."